మా వదిన బిగించిన జాయింట్లు కారలేదు

మా వదిన పోయిందని అన్న ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేసరికి నేను తాండూరులో మా కంప్యూటర్ల షాపు షట్టర్ ఎత్తుతున్నాను. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో చెప్పకుండా ఆమెను తలచుకోవడం నాకు చేతకాదు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పెద్ద కంప్యూటర్లు ఆమె కట్టేది. నాపరాయి పాలిష్ దుమ్ముకు మా ఊళ్లో ఫ్యాన్లు ఊరికే మూసుకుపోతాయి. అందుకని గొట్టాల్లో నీళ్లు తిరిగి వేడిని లాగేసేలా అమర్చేది. ఏడాదికోసారి తనే వెళ్లి ఆ నీళ్లు మార్చేది. మార్చాక, లోపలి బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పి, చుక్క కారినా తెలిసేలా గొట్టాల ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం పరిచి, పెట్టెను అటూ ఇటూ వంచి గాలి బుడగలు పోగొట్టేది. ఆ తర్వాత పూటంతా కనిపెట్టుకుని కూర్చునేది. మా షాపులో అయితే ఒళ్లో చాట పెట్టుకుని కందులు ఏరేది. ఈ పని నాకు నేర్పింది ఆమే. నేను విసుక్కుంటే, "నీళ్లకు తొందర లేదు, మనకే ఉన్నది. జర కూసో" అనేది.

వికారాబాద్‌లో ఒక స్టూడియో ఆయనకు అలాంటిదే కట్టిచ్చింది. మొన్నటి పెళ్లిళ్ల సీజన్‌లో ఆమె మంచం పట్టి ఉండగా, ఆయనే నీళ్లు మార్చుకున్నాడు. ఆ సంగతి చెబుతూ చేసిన ఫోన్ నేను స్పీకర్‌లో విన్నాను.

"కాగితం పెట్టి చూసినవా తమ్మీ?"

"టైం యాడిదక్కా, పెండ్లోళ్లు వచ్చి కూసున్నరు. ఆన్ చేసేసిన."

ఆయన సరిగ్గా బిగించని జాయింటు ఆ సాయంత్రమే కారి బోర్డు కాలిపోయింది. "అక్క కట్టిన మిషన్లు కారుతయి" అని తెలిసిన ఫొటోగ్రాఫర్లందరికీ చెప్పాడు. తాండూరువాళ్లు కూడా ఆర్డర్లు వద్దనుకున్నారు. నేను వికారాబాద్ బస్సెక్కుతానంటే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఆయనకు ఆ షాపు తప్ప ఇంకేం లేదు. పోనీయ్."

ఆ మచ్చతోనే పోయింది. ఆమె పోనిచ్చింది. నేను పోనివ్వలేదు.

దినం అయ్యాక ఆయనే ఫోన్ చేశాడు. ఆ మిషన్ బాగుచేసేవాళ్లు ఎక్కడా దొరకలేదట. దాన్ని తీసుకుని రమ్మన్నాను. వచ్చేసరికి ఊళ్లో ఫొటోగ్రాఫర్లందరినీ పిలిచి కూర్చోబెట్టాను. కొత్త బోర్డు వేశాను. వదిన బిగించిన జాయింట్లను ముట్టలేదు. ఆయన వదులుగా వదిలేసినదాన్ని మాత్రం ఆయన చేతే బిగింపజేసి, టిష్యూ కాగితాలు చేతికిచ్చాను.

"నేనెందుకమ్మా, నువ్వున్నవ్ కదా?"

"ఆనాడు చెయ్యనిది గియ్యాల చెయ్యుండ్రి. అందరు చూడనీ."

నీళ్లు పోసి, కాగితాలు పరిచి, పంపు ఒక్కటే తిప్పి, మధ్యాహ్నమంతా నేల మీద కూర్చుని ఒక్కో జాయింటూ చూశాడు. ఎక్కడా చుక్క లేదు.

"ఇప్పుడు చెప్పుండ్రి. ఆనాడు కారింది ఎవరు బిగించింది?"

"నేను బిగించిందే. అక్క అడిగింది, నేనే చూడలె," అన్నాడు నేల చూస్తూ.

వదిన ఉంటే అక్కడితో ఆపి చాయ్ తెప్పించేది. నేను ఇంకోసారి చెప్పించాను, వెనక కూర్చున్నవాళ్లకు వినపడేలా.

రైల్వే స్టేషన్‌కు వెళ్లే ఆటోలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా నావైపే చూశాడు. నేను గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాను.