అయితే గారి ఫ్రీ కిక్

ఏ మాట చెప్పినా దాని చివర ‘అయితే’ అని ఇంకో ముక్క తగిలించకపోతే ఆ కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకి తిన్నది అరగదు. అందుకే ఊరంతా ఆయన్ని ‘అయితే గారు’ అంటారు. అసలు పేరేమిటని అడిగితే కట్టుకున్న భార్య కూడా ఒక్క క్షణం ఆలోచించి చెబుతుంది.

దుకాణానికి వచ్చినవాళ్ళ గతి చూడాలి. “మీ చూపు భేషుగ్గా ఉందండీ” అంటాడు. వచ్చినాయన మొహం వెలిగిపోతుంది. “అయితే...” అంటాడు. వచ్చినాయన గుండె జారిపోతుంది. “అయితే, ఈ ఫ్రేము మీ ముక్కుకి కాస్త వదులు” అంటాడు. ఈ రెండు వాక్యాల మధ్య ఒక పెద్దాయన కుర్చీలోంచి కిందికి జారిపోయాడు కూడా. వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్న బావమరిది నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకు రావలసి వచ్చింది.

ఇంట్లోనూ అదే వరస. “కూర బాగుందా?” అని భార్య అడుగుతుంది. “బాగుంది. అయితే...” అనగానే ఆ గిన్నె ఆయన ముందు నుంచి తమ్ముడి ముందుకి వచ్చేస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ రెండో ముక్క ఏమిటో ఆవిడ ఒక్కసారీ వినలేదు. ఆ ఇంట్లో బావమరిది పుష్టిగా ఉండడానికి కారణం అదే.

ఇవన్నీ ఎలాగో భరించవచ్చు. ఆదివారం వస్తే మాత్రం బావమరిదికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఎందుకంటే ఆదివారాలు అయితే గారు ఫుట్‌బాల్ రిఫరీ. గీత పక్కన జెండా పట్టుకుని పరుగెత్తే సహాయకుడు బావమరిది. మిగతా రిఫరీలు విజిలు ఊదుతారు, చెయ్యి చూపిస్తారు, ఆట సాగుతుంది. ఈయన విజిలు ఊదుతాడు, చెయ్యి చూపిస్తాడు, ఆ తరవాత రూలు మొత్తం అప్పజెబుతాడు. రూలు అయ్యాక ‘అయితే’ అని దాని మినహాయింపు. అదయ్యాక దాని పిల్ల మినహాయింపు. ఒకసారి ఒక త్రో గురించి ఆయన మొదలుపెడితే, జనం బయటికి వెళ్ళి టీ తాగి, గ్లాసులు కడిగి ఇచ్చి మరీ వచ్చారు. అప్పటికింకా ఆయన ‘అయితే’ దగ్గరే ఉన్నాడు.

“కళ్ళు కనబడట్లేదా!” అని ఎవరైనా అరిస్తే ఏ రిఫరీకైనా అది తిట్టు. ఈయనకి మాత్రం బేరం. “రేపు దుకాణానికి రండి, చూద్దాం. అయితే మధ్యాహ్నం లోపు రావాలి” అనేవాడు.

“బావా, నీకు దండం పెడతాను. ఊది ఊరుకోవచ్చు కదా?” అని బావమరిది ఎన్నోసార్లు బతిమాలాడు.

“ఊరుకోవచ్చురా,” అనేవాడు బావ. “అయితే...”

బావమరిది చెవులు మూసుకునేవాడు.

లీగు ఫైనల్ రోజు వచ్చింది. ఒక పక్క బస్సు డిపో వర్క్‌షాపు జట్టు, ఇంకో పక్క ప్రింటింగ్ ప్రెస్సు జట్టు. ఆటకి ముందు బావమరిది గోల్ వలకు చిరుగులున్నాయేమో చూస్తుంటే వర్క్‌షాపు గోలీ, అంటే గోల్‌కీపరు, అతని దగ్గరికి వచ్చాడు. పనికి వెల్డరు. గోల్లో నిలబడితే బంతికి దారి దొరకదు. నోరు తెరిస్తే మాత్రం ఎదుటివాడి వంశం మొత్తం బయటికి వస్తుంది. నిరుడు అలాగే వేరే రిఫరీని అనరాని మాట అని ఎర్రకార్డు తెచ్చుకున్నాడు.

“అన్నా, ఆ తెల్ల టోపీ ఆయన్ని చూశావా?” అన్నాడు మెల్లగా. “పెద్ద క్లబ్బు కోచ్. నాకోసమే వచ్చాడు.”

“మరింకేం!”

“ఆట చూశాడంట, నచ్చిందంట. నోరే నచ్చలేదంట. ఈ ఒక్క మ్యాచ్ ఎర్రకార్డు లేకుండా ఆడితే తీసుకుంటానన్నాడు. లేకపోతే మళ్ళీ మొహం చూపించొద్దన్నాడు.” వెల్డరు చేతులు చూసుకున్నాడు. నిప్పురవ్వలు పడి మచ్చలు తేలిన చేతులు. “నాకు ఇరవై ఎనిమిది అన్నా. ఇంకోసారి ఎవరూ రారు.”

బావమరిది వల వదిలేసి ఆ నోటి వైపు చూశాడు. ఆ నోటికి తొంభై నిమిషాలు తాళం వెయ్యడం ఎవరి తరం?

ఇరవయ్యో నిమిషానికే పసుపు కార్డు పడింది. విజిలు మోగాక వెల్డరు విసుగుతో బంతిని అవతలి గోడ దాకా తన్నాడు. అయితే గారు కార్డు చూపించి, “ఆట ఆలస్యం చేశావు కాబట్టి పసుపు. అయితే బంతిని తన్నడం మీద నాకేమీ వ్యతిరేకత లేదు” అని మొదలుపెట్టాడు. ఇంకో పసుపు పడితే రెండూ కలిసి ఎర్రకార్డు. తెల్ల టోపీ ఆయన కుర్చీలో కదిలాడు. అప్పటి నుంచి బావమరిది బంతిని ఒక కంటితో, వెల్డరు నోటిని ఒక కంటితో చూస్తూ పరుగెత్తాడు.

వర్క్‌షాపు ఒక గోల్ కొట్టింది. ప్రెస్సు జట్టు మీదికి మీదికి వస్తోంది. వెల్డరు గాల్లోకి ఎగిరి ఒకటి ఆపాడు, నేల మీద దొర్లి ఇంకొకటి ఆపాడు. ఎనభై తొమ్మిదో నిమిషం. ప్రెస్సు కెప్టెన్ దూసుకొస్తుంటే, వర్క్‌షాపు ఆటగాడు ఒకడు బెదిరిపోయి బంతిని వెనక్కి, గోలీ వైపు తన్నాడు. తన్నడం సరిగ్గా తన్నలేదు. బంతి సొంత గోల్లోకే పోతోంది. వెల్డరు పక్కకి దూకి రెండు చేతులతో ఒడిసి పట్టుకున్నాడు.

విజిలు మోగింది.

“పెనాల్టీ!” అని ప్రెస్సు జట్టు. “ఎర్రకార్డు! బయటికి పంపు!” అని ప్రెస్సు జనం. పదకొండు మంది రిఫరీ మీదికి వచ్చారు. ఇటు నుంచి వెల్డరు బంతిని నేలకేసి కొట్టి, పళ్ళు కొరుకుతూ వచ్చాడు.

“మావాడి మోకాలికి తగిలింది! పాదంతో ఇవ్వలా! మోకాలు!”

అయితే గారు గీత వైపు చూశాడు. బావమరిది చూసింది పాదమే. అబద్ధం చెప్పలేక తల ఊపాడు. వెల్డరు ఆ తల ఊపుని చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. మొహం రిఫరీ మొహానికి జానెడు దూరంలోకి వచ్చింది. పై పెదవి లేచింది. నిరుడు సరిగ్గా ఇలాగే లేచింది. ‘అయిపోయాడు’ అనుకున్నాడు బావమరిది.

ఆ మాట బయటికి రాకముందే అయితే గారు మొదలుపెట్టాడు. మామూలుగా కాదు, మైదానం దద్దరిల్లేలా.

“తోటి ఆటగాడు పాదంతో కావాలని ఇచ్చిన బంతిని గోలీ చేత్తో ముట్టుకోకూడదు! ముట్టుకుంటే ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్! పెనాల్టీ కాదు! కార్డు లేదు! అయితే...”

“సార్, మోకా...”

“అయితే! ఇన్‌డైరెక్ట్ అంటే ఏమిటి? నేరుగా తన్నితే గోల్లోకి పోయినా గోల్ కాదు! మధ్యలో ఇంకొకరికి తగలాలి! ఎవ్వరికీ తగలకుండా పోతే గోల్ కిక్! అయితే...”

“ఆపండి సార్! ఈ సోది ఎవడు వింటాడు!” అని ప్రెస్సు కెప్టెన్ బంతి లాక్కుని వెళ్ళిపోయాడు.

“అయితే! కార్నర్ జెండా కర్ర ఐదడుగులకి తగ్గకూడదు! దాని పైకొన మొనదేలి ఉండకూడదు!”

బావమరిది నిర్ఘాంతపోయాడు. కార్నర్ జెండాకీ దీనికీ ఏమిటి సంబంధం? బావకి మతి పోయిందా?

వెల్డరు నోరు తెరుచుకునే ఉంది. అందులోంచి రావలసిన మాట మాత్రం దారి తప్పింది. “జెండా... కర్రా?” అన్నాడు.

“కర్రే. మొన ఎందుకు ఉండకూడదో చెప్పు?”

“తెలీదు సార్.”

“ఎవరికీ గుచ్చుకోకూడదని.”

వెల్డరు గట్టిగా ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. కాసేపు కాళ్ళ వైపు చూసుకుని, “సార్,” అన్నాడు వేరే గొంతుతో, “నేరుగా కొడితే గోల్ కాదా?”

“అదే కదా ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నాను.”

గోల్‌కి ఆరు గజాల దూరంలో బంతి పెట్టారు. వర్క్‌షాపు వాళ్ళు పదకొండు మందీ గోల్ గీత మీద గోడ కట్టినట్టు నిలబడ్డారు. అయితే గారు చెయ్యి పైకెత్తి ఉంచాడు, నేరుగా పోతే చెల్లదని గుర్తు. ప్రెస్సు కెప్టెన్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. వాడి కళ్ళలో కసి తప్ప ఏమీ లేదు, ఎత్తిన చెయ్యి వాడికి కనబడనే లేదు. పక్కవాడు “నాకు తోసెయ్యి, నాకు!” అని అరుస్తున్నా వినలేదు.

విజిలు మోగింది. కెప్టెన్ బలమంతా పెట్టి తన్నాడు.

“తాకొద్దు! పడుకోండి!” వెల్డరు గొంతు చించుకున్నాడు. పది మంది నేలమీద పడ్డారు. బంతి వెల్డరు కుడిచేతి పక్కగా వస్తోంది. జన్మంతా బంతికి అడ్డం పెట్టిన చెయ్యి అది. దాన్ని వీపు వెనక్కి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

వల ఊగింది. ప్రెస్సు జనం ఎగిరి గంతేశారు. అయితే గారు చెయ్యి దించి, తాపీగా గోల్ కిక్ చూపించాడు.

ఆ పైన తను మాట్లాడిన సమయమంతా లెక్కగట్టి మూడు నిమిషాలు కలిపాడు. ఆ మూడు నిమిషాలు బావమరిదికి మూడు యుగాలు. ప్రెస్సు వాళ్ళు రెండుసార్లు గోల్ దాకా వచ్చారు, రెండుసార్లూ వెల్డరు చేతులే అడ్డం పడ్డాయి. ఆఖరి విజిలు మోగేసరికి బావమరిది జెండా పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోయాయి.

తెల్ల టోపీ ఆయన మైదానంలోకి దిగి వచ్చి, వెల్డరుతో ఒక్క ముక్క అన్నాడు. “రేపు పొద్దున ఏడింటికి రా.” వెల్డరు గోల్ స్తంభాన్ని కౌగలించుకుని నిలబడిపోయాడు.

బావమరిది బావ దగ్గరికి పరుగెత్తాడు. “బావా, వాడి సంగతి నీకు ముందే తెలుసా?”

“ఏ సంగతి?” అన్నాడు అయితే గారు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

“క్లబ్బు సంగతి! తెలియకపోతే ఆ జెండా కర్ర గోల ఏమిటి?”

అయితే గారు దొంగతనం బయటపడినవాడిలా అటూ ఇటూ చూశాడు. “తిట్టు నా చెవిన పడితే కార్డు తియ్యక తప్పదురా. విని విననట్టు ఉండడం నాకు చేతకాదు. అందుకని వినబడకుండా నేనే మాట్లాడతాను. మనిషి కోపం నలభై సెకన్లకి మించి నిలబడదు. రూలు పాతిక సెకన్లలో అయిపోతుంది. మిగతా పదిహేను సెకన్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా?”

“ఎవడికైనా ఇంతేనా?”

“ఎవడికైనా. ఆ సమయం చివర్లో కలిపేస్తాను. ఎవరి ఆటా నేను తినను.”

ఇన్నేళ్ళూ ఈ మనిషి పక్కన నిలబడి సిగ్గుపడినందుకు బావమరిదికి ఇప్పుడు సిగ్గేసింది. ఏదో అనబోయాడు. ఇంతలో వెనక నుంచి అడుగుల చప్పుడు. ప్రెస్సు కెప్టెన్ వస్తున్నాడు. మొహం కందగడ్డలా ఉంది, పిడికిళ్ళు బిగించి ఉన్నాడు, నోరు అప్పుడే తెరుచుకుంటోంది. రిఫరీ మైదానం దాటేదాకా కార్డులు చెల్లుతాయి. అయితే గారు మాట్లాడబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పట్టుకుని బావమరిది వైపు చూశాడు.

బావమరిది ఇద్దరి మధ్యకీ దూకాడు. “గోల్ వెడల్పు ఎనిమిది గజాలు!” అని అరిచాడు. “ఎత్తు ఎనిమిది అడుగులు! స్తంభాలు తెల్లగా ఉండాలి! రెండు స్తంభాల మందం ఒకటే ఉండాలి! బంతి గుండ్రంగా ఉండాలి!”

కెప్టెన్ ఆగిపోయాడు. “గుండ్రంగా కాక పలకలా ఉంటుందా?”

“ఉండకూడదనే రూలు! తోలుతో చెయ్యాలి, లేదా అలాంటి దానితో! గాలి మరీ ఎక్కువా ఉండకూడదు, తక్కువా ఉండకూడదు!”

కెప్టెన్ బావ వైపూ బావమరిది వైపూ చూశాడు. పిడికిళ్ళు విప్పాడు. గడ్డి మీద చతికిలబడి బూటు లేసులు లాగుతూ, “పక్కవాడికి తొయ్యాల్సింది,” అన్నాడు నీరసంగా. “వాడు అడుగుతూనే ఉన్నాడు.”

అయితే గారు జేబులోంచి చెయ్యి తీశాడు. ఆ చేతిలో కార్డు లేదు, చేతిరుమాలు ఉంది. దాన్ని కెప్టెన్‌కి అందించి, బావమరిది చెవి దగ్గరికి వంగి, ఉన్న కాస్త గొంతుతో అన్నాడు.

“బాగా చెప్పావురా. ఇంకోసారి మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పు, రూల్స్ అన్నీ ఒక్కడి మీదే ఖర్చు పెట్టేశావు.”