మామ ఇంట్లో బేరం

పదకొండు మంది కాలేజీ విద్యార్థులను నేపాల్ వెళ్లకుండా ఒక్క సాయంత్రంలో ఆపిన ఘనత నాది. ఇది అందరి వల్లా అయ్యే పని కాదు. మా ప్రార్థన బృందం ఆ వేసవికి విదేశంలో సేవాయాత్ర అని తీర్మానించుకుంది. కొండ మీది ఒక బడికి గోడ కట్టాలట. కొందరు అప్పటికే చలికోట్లు అడిగి తెచ్చుకున్నారు. నేను లేచి, విదేశమంటే ఏమిటని అడిగాను. మన భాష కానిది, మన తిండి దొరకనిది, మన ఫోను పలకనిది. ఆ మూడూ గోదావరి దాటి తర్లగూడ వైపు వెళ్తే బస్తర్‌లోనే దొరుకుతాయి, అంత దూరం ఎందుకన్నాను. భాష రాకపోతే ఎలా అని ఎవరో భయపడ్డారు. భయం లేదు, అక్కడ అందరికీ తెలుగొచ్చు అన్నాను. ఒకే సరుకును పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికి రెండు రకాలుగా అమ్మడం మా ఇంటి విద్య.

నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది బట్టల కొట్టు, అమ్మమ్మది గాజుల కొట్టు. మా వీధిలో పిల్లలకు పళ్లకంటే ముందు బేరం వస్తుంది. ఆదివారం చర్చికి బయల్దేరేటప్పుడు కూడా నాన్న షట్టర్ సగమే దించేవాడు. మిగతా సగం దేవుడి మీద నమ్మకం. కొట్టు ముందు ఆగిన ప్రతి ఆడమనిషీ మాకు అక్కే, వదినే, పెద్దమ్మే. సరుకు సంచిలో పడ్డాక ఆ వరస కూడా ఆమెతోనే మెట్లు దిగి వెళ్లిపోయేది.

అలా మే నెలాఖరున, తర్లగూడ దాటాక బస్సు దిగి, ట్రాక్టర్ ట్రాలీలో మూడు కిలోమీటర్లు కుదుపులు తిని, ఒక ఆడపిల్లల హాస్టల్‌కు చేరాం. పిల్లలంతా సెలవులకు ఇళ్లకు వెళ్లారు. వార్డెనమ్మ, వంట చేసే దోర్లా తెగ పెద్దావిడ, ఆవిడ మనవరాలు, ఈ ముగ్గురే ఉన్నారు. వంటగది పైకప్పు కలపకు చెదలు పట్టింది. పాత గూనపెంకులు మేం దింపాలి, వడ్రంగి కలప మారుస్తాడు, ఆ పెంకులే మళ్లీ మేం ఎక్కించాలి. మాకున్నది పన్నెండు రోజులు.

పని ఎందుకు తొందరో మొదటి రోజే తెలిసింది. కిందటి వానాకాలం తడి కట్టెలతో వరండాలో వండి, పిల్లలకు వరసగా జ్వరాలొచ్చాయట. కప్పు పడందే ఈసారి పిల్లల్ని పిలవనని వార్డెనమ్మ గట్టిగా చెప్పేసింది. హాస్టల్ తెరవకపోతే పెద్దావిడ కూతురు తన పిల్లను, అంటే ఈ మనవరాలినే, తెలంగాణలో పత్తి విత్తే కూలికి తీసుకుపోతుంది. ఆ పిల్ల పదో తరగతికి రావాల్సింది. ఒకసారి పత్తి చేలకు పోయిన పిల్ల మళ్లీ పుస్తకం పట్టడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. పెద్దావిడ రోజుకు నాలుగుసార్లు బయటికొచ్చి ఆకాశం చూసి లోపలికి పోయేది.

తెల్లవారి ఐదింటికి బోరింగు చప్పుడే మాకు గంట. ముఖాలు కడిగి వరండాలో ప్రార్థన. వార్డెనమ్మ కోసం హిందీ పాటలు నేర్చుకొచ్చాం. పెద్దావిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది.

"మీ హిందీ పాట ఇంటే, దేవునికి గూడ పక్కన ఒకరు నిలబడి చెప్పాలె," అనేది.

అందరికీ తెలుగొచ్చన్న నా హామీ మొదటి పూటే బయటపడింది. దారినపోయే ఒకావిడను ఏదో అడిగితే ఆవిడ తమ దోర్లీ భాషలో జవాబిచ్చింది. అది నా తెలుగుకు దూరపు చుట్టంలా ఉంది, ముఖం మాత్రం గుర్తుపట్టలేకపోయాను. పెద్దావిడకు తెలుగొచ్చు గానీ వంట వదిలి రాదు, గడప దాటితే మనవరాలే మాకు దిక్కయింది. అమ్మమ్మతో దోర్లీ, మాతో తెలుగు, వార్డెనమ్మతో హిందీ, పై ఊళ్లవాళ్లతో గోండీ. నాలుగింటిలోనూ ఆ పిల్ల నన్ను ఎగతాళి చేయగలదు.

నేను మాత్రం వచ్చిన గంటలోనే అలవాటు కొద్దీ పెద్దావిడను పెద్దమ్మా అన్నాను. పెద్దమ్మా, ఇంకొంచెం పప్పు. పెద్దమ్మా, మామిడికాయ పచ్చడుందా? వరస కలిపితే గరిటె నిండుతుందని నాకు తెలుసు. ఆవిడ కాసేపు నా ముఖం చూసి, మనవరాలితో "చిన్నమ్మకు పీట వెయ్యి," అంది. ఆ మాటను నేను పట్టించుకోలేదు. నా కళ్లు పచ్చడి మీద ఉన్నాయి.

పెంకులు రెండు రోజుల్లో దింపేశాం. వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ, పాటలు పాడుతూ. గూనపెంకులను అంచుల మీద నిలబెట్టి పేర్చాలట. మేం ఒకదానిపై ఒకటి పడుకోబెట్టి, ఛాతీ ఎత్తు దొంతరలు పెట్టాం. కొట్లో బిస్కెట్ పెట్టెలు పేర్చిన అనుభవంతో ఆ సలహా ఇచ్చింది నేనే. మూడో రోజు మధ్యాహ్నం అడుగు వరసలు పటపటా విరిగి, దొంతరలు ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. సగం కప్పు ముక్కలైంది. వార్డెనమ్మ వచ్చి చూసి, చీపురు తెచ్చుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

గూనపెంకులు ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరూ చేయడం లేదు. రేకులు వేయాలంటే పైవాళ్లను అడగాలి, భోపాలపట్నం నుంచి తెప్పించాలి, అంతలోకి వాన వచ్చేస్తుంది. అప్పుడు పెద్దావిడ చెప్పింది, వాగు అవతల తన తమ్ముడి పాత ఇల్లు కూలిందని, దాని పెంకులు పెరట్లో ఉన్నాయని.

"నేను మాట్లాడిన. కలప ఎక్కనీ, ఎల్లుండి పోదాం," అంది.

ఎల్లుండి దాకా ఆగడం కొట్టు పిల్లకు చేతకాదు. తప్పు నాది కాబట్టి దిద్దేది కూడా నేనే కావాలి, అదీ అందరూ చూసేలా. మర్నాడు పొద్దున్నే మా బృందం పెద్దను, మేమంతా అన్నా అని పిలిచే అతన్ని, సాక్షిగా వెంటబెట్టుకుని వాగు దాటాను. పెద్దావిడ తమ్ముడు పెరట్లో తాడు పేనుతున్నాడు.

"పెంకులు చూపిస్తారా, పెద్దాయనా?"

చూపించాడు. ఎర్రటి, చేత్తో చేసిన పెంకులు. లోపలి వైపు చేసినవాళ్ల వేళ్ల గీతలు. చాలా బాగున్నాయి. అందుకే పెదవి విరిచాను.

"పాతవి. నాచు పట్టింది. అంచులు పోయినయ్. సరే, రేటు చెప్పండి."

ఆయన తాడు ఆపాడు. ఏమీ చెప్పలేదు. మౌనం ఖరీదు పెంచే ఎత్తు అనుకుని, కొత్త పెంకు ధరలో సగం నేనే చెప్పాను.

"సరే," అన్నాడు నేల చూస్తూ.

"బండి కూడా మీదే."

"సరే."

"మరి కొసరు? పగిలేవాటికి పైన ఒక గంపెడు."

"సరే."

మా నాన్న తన జన్మలో ఒక్క బేరంలో ఇన్ని సరేలు విని ఉండడు. తిరుగుదారిలో వాగులో కాళ్లు కడుక్కుంటూ అన్నకు బేరం కళ గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అవతలివాడు అన్నిటికీ తలూపితే ముందు తక్కెడ చూసుకోమనేది అమ్మమ్మ. ఆ మాట మాత్రం గుర్తు రాలేదు.

ఆ రోజు బండి రాలేదు. మర్నాడూ రాలేదు. కలప ఎక్కింది, దాని మీద ఆకాశం ఉంది. పడమట మబ్బు పట్టడం మొదలైంది. వాగు అవతలికి పోయొచ్చిన పెద్దావిడ చేట పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఏంది సేటమ్మా, నా తమ్మునికాడ దుకాణం తెరిచినవట?"

"తక్కువకే ఒప్పించాను పెద్దమ్మా."

"నన్ను ఏమని పిలుస్తున్నవ్?"

"పెద్దమ్మా అని."

"మరి నా తమ్ముడు నీకేమైతడు?"

వేళ్ల మీద వరస లెక్కపెట్టాను. పక్కనే ఉన్న మనవరాలు నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"మామ," అన్నాను.

"మామ ఇంటికి పోయి ఎవరన్న రేటు అడుగుతరా? ఊరంతా వచ్చి కప్పేసి పోదమనుకున్నరు. ఒక పూట బువ్వ వెడితే చాలు. నువ్వు రేటు వెట్టినవ్. ఇగ అది సౌదా, ఉత్త బేరం అయింది. సౌదాకు ఊరెందుకొస్తది? వాడేమో, అక్క బిడ్డ అడిగిందంటే కాదనలేక తలూపిండు. ఇంట్ల గూసొని బాధపడుతుండు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"సరుకైతే వాపస్ ఇస్తవ్. మాట ఎట్ల వాపస్ ఇస్తవో నువ్వే చూసుకో."

ఇలాంటి పరిస్థితికి మా కొట్లో పద్ధతి లేదు. ఇంకా కష్టమైంది, ఏమీ ఇవ్వకుండా అడగడం. ఊరికే అడిగేవాడికి మా వీధిలో ఒకటే పేరు. ఆ సాయంత్రం పెద్దావిడ, మనవరాలు, నేను వాగు దాటాం. వెళ్లగానే విషయం ఎత్తబోతే పెద్దావిడ మోచేత్తో పొడిచింది. ఆయన భార్య సొరకాయ బుర్రలోంచి జావ పోసింది. తాగాను. మళ్లీ పోసింది. రెండోసారి వద్దనకూడదని మనవరాలు కళ్లతో చెప్పింది. అదీ తాగాక గొంతు సవరించుకున్నాను.

"మామా, మా పెంకులు నేనే పగలగొట్టాను. మాకు పెంకులు కావాలి."

నా బతుకులో అంత చిన్న బేరం ఆడలేదు. ఆయన అక్క వైపు చూసి దోర్లీలో ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. మనవరాలు నాకు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

తెల్లారేసరికి రెండు ఎడ్లబండ్లు, వెనక పదిహేను మంది ఊరివాళ్లు. మేం రెండు రోజుల్లో దింపినదాన్ని వాళ్లు పొద్దుగూకేలోపు కప్పేశారు. మాకు అందించే పని ఇచ్చారు. బతిమాలితే నన్ను రెండు వరసలు వేయనిచ్చారు. మా వాళ్లు గిటారు తీశారు, ఊరివాళ్లు పని ఆపకుండానే విన్నారు. అందరికీ పప్పు, అన్నం, ఎండుచేపల పులుసు. పని అయ్యాక మామ నేలను తాకి తన పద్ధతిలో మొక్కుకున్నాడు, మేం మా పద్ధతిలో ప్రార్థన చేసుకున్నాం. చివరి బండి అడుగునుంచి ఆయన ఒక గంపెడు పెంకులు దింపి, అంచుల మీద నిలబెట్టి, నేను చూసేలా నెమ్మదిగా గోడకు పేర్చాడు.

"కొసరు అడిగినవ్ గద, కోడలా," అన్నాడు.

మేం బయల్దేరే ముందురోజు వాన వచ్చింది. పెద్దావిడ పొయ్యి వెలిగించింది. అందరం లోపల నిలబడి పైకి చూశాం. ఒక్కచోటే కారింది. అది ఎవరి వరసో చెప్పాల్సిన పని లేకపోయింది. మనవరాలు వాన తగ్గాక నిచ్చెనెక్కి దాన్ని సర్దింది.

హాస్టల్ అనుకున్న రోజుకే తెరిచారు. ఆ పిల్ల పది పాసై ఇప్పుడు భోపాలపట్నంలో పదకొండు చదువుతోంది. ఫోను పలికే చోటుకు వచ్చినప్పుడు నాకు చేస్తుంది, చిన్నమ్మా, కొసరులో ఇంకా ఎనిమిది పెంకులు మిగిలినయ్ అని. నేపాల్ చేజారిందని మా వాళ్లు ఇప్పటికీ నన్ను దెప్పుతారు.

దొంగ తూకం లేకుండా లెక్క చెబుతాను. మేం తీసుకెళ్లింది పన్నెండు జతల చేతి తొడుగులు, ఒక గిటారు, భాష వచ్చన్న ఒక అబద్ధం. పగలగొట్టింది సగం కప్పు. పెంకులు మామవి, పని ఊరిది, బువ్వ పెద్దమ్మ వండింది. పన్నెండు రోజుల తిండి, రెండు బుర్రల జావ, ఒక పెద్దమ్మ, ఒక మామ, చిన్నమ్మా అని పిలిచే ఒక పిల్ల, ఇవి నేను తెచ్చుకున్నవి. వీటికి ఎదురు నేనిచ్చింది కప్పు మీద రెండు వరసలు. కారినదాన్ని తీసేస్తే, ఒకటి.