రాళ్ల దగ్గర రెండు రోజులు

1994 వేసవి. సూర్యాపేటలో హైవే పక్కన, బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో నేను చేరి అప్పటికి ఏడాదిన్నర. రెండు బల్లలు, ఒక టైప్‌రైటర్, ఒక టెలిఫోన్, అంతే ఆఫీసు. విజయవాడ, తిరుపతి బస్సుల సీట్లు రాయడం, దుబాయ్, మస్కట్‌లకు పనికి వెళ్లేవాళ్లకు బొంబాయి ఏజెంటు ద్వారా విమానం టికెట్లు తెప్పించడం మా పని. నేను తల వంచుకుని రాసుకునే మనిషిని. వచ్చినవాళ్లతో మాట్లాడేది మా యజమాని. ఆయనది కోదాడ, మంచి మాటకారి. ఈ ఏర్పాటు ఇద్దరికీ సుఖంగానే ఉండేది.

ఆ రోజు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఒక జంట లోపలికి వచ్చింది. పెద్దాయనకు అరవైకి దగ్గర పడి ఉంటాయి. తెల్లటి తలపాగా, వెడల్పాటి చేతులు. ఆమె అద్దాల రవిక వేసుకుంది, మోచేతి దాకా తెల్లగాజులు.

"బిడ్డా, ఈజిప్టుకు టికెట్ ఇస్తరా ఈడ?" అని అడిగాడాయన.

నేను అలవాటుగా పనికి వెళ్లేవాళ్ల ఫారం తీశాను. "ఏ కంపెనీ, పెద్దయ్యా?"

"కంపెనీ ఏంది బిడ్డా? సూడనీకి పోతున్నం. పిరమిడ్లు."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మా ఆఫీసులో అంతవరకూ ఎవరూ "చూడ్డానికి" విదేశం వెళ్లలేదు.

ఆయన పేరు లచ్చీరాం, ఆమె ద్వాళి. మిర్యాలగూడ దగ్గర తండా. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ నాగార్జునసాగర్ డ్యామ్ పనిలో ఉన్నారు. ఆయన రాయి చెక్కేవాడు, ఆమె మోసేది. ఇప్పుడు కొడుకులిద్దరూ నేరేడుచర్ల వైపు నాపరాళ్ల వ్యాపారంలో బాగున్నారు. "అమ్మా నాయినా యాడికన్న పోయి రాండ్రి" అన్నారట కొడుకులు. కాశీయో రామేశ్వరమో అంటారనుకుంటే తండ్రి ఈజిప్టు అన్నాడు.

"మా ఇంజినీరు సారు ఒకసారి ఫోటో చూపెట్టిండు" అన్నాడు లచ్చీరాం. "ఇంత పని చేతులతోని చేసినోళ్లు వాళ్లు, వాళ్ల తర్వాత మీరే అన్నడు. ఆ రాళ్ల నడుమ సున్నం లేదట, సందుల గోరు గూడ దూరదట. నేను నమ్మలే. సున్నం లేకుండ అంత ఎత్తు ఎట్ల నిలబడ్తది?"

"ముప్పై ఏండ్ల సంది ఇదే లొల్లి" అంది ద్వాళి. "నేను దూరదు అంట, ఈయన దూరుతది అంటడు. పోయి గోరు పెట్టి సూస్తె ఖతం అయితది గదా."

మా వృత్తిలో ఐటినరరీ అనే మాట ఉంది. ఏ రోజు ఏ ఊరు, ఏ హోటలు, ఏం చూడాలి అన్నీ రాసిన కాగితం. అంతవరకు నేనొక్కటి కూడా తయారుచేయలేదు. వారం రోజులు సాయంత్రాలు లైబ్రరీలో కూర్చున్నాను. బొంబాయి ఏజెంటుకు ఎస్టీడీ బూత్ నుంచి మూడు ఫ్యాక్సులు పంపాను. కైరో మ్యూజియం, పిరమిడ్లు, రాత్రి రైల్లో లక్సర్, కర్ణాక్ గుడి, రాజుల సమాధుల లోయ, అస్వాన్, పడవ ప్రయాణం. ఆరు రోజుల్లో పదకొండు చోట్లు! నిమిషం కూడా వృథా కాకుండా టైప్ చేసి మురిసిపోయాను. నా డైరీలో కూడా ఒక కాపీ రాసుకున్నాను.

తరువాతి వారం వాళ్లు వస్తే చదివి వినిపించాను. లచ్చీరాం ఓపికగా విన్నాడు.

"పొద్దుగాల రాళ్ల కాడికి పోయి, పగటి అన్నం యాళ్లకు మ్యూజియం అంటివి గదా బిడ్డా. రెండు గంటలల్ల నేనేం సూస్త? ఒక్క దిక్కు గూడ తిరగనైతదా?"

"ఒక రాయి కాడ కూసున్నడంటె అన్నానికి పిలిచినా లేవడు" అంది ద్వాళి.

"అంత దూరం వెళ్లి లక్సర్ చూడకుండా వస్తారా? ఆ స్తంభాలు..." నా గొంతు నాకే వింతగా, కొంచెం గట్టిగా వినిపించింది.

లచ్చీరాం నవ్వాడు. "అది నువ్వు పోయినప్పుడు సూడు బిడ్డా."

ఆయన అన్నది నిజమే. ఆ కాగితం మీద నేను నా ప్రయాణాన్ని రాసుకున్నాను. రెండో ఐటినరరీ పది నిమిషాల్లో అయిపోయింది. రెండు రోజులు గీజాలో పిరమిడ్ల దగ్గరే. ఒక రోజు సక్కారాలో, వాటికంటే పాత మెట్ల పిరమిడ్. చివర్లో ఒక పూట మ్యూజియం. అది కూడా ద్వాళమ్మ "నగలుంటయా ఆడ?" అని అడిగినందుకు.

వీసాలు వచ్చాయి. అప్పుడు అసలు చిక్కు ఎదురైంది. ఆ రోజుల్లో పెద్ద చదువు లేనివాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ముద్ర ఉండేది. అంటే పనికోసం దేశం దాటే ముందు ప్రభుత్వం తనిఖీ చేయాలి అని. అమాయకులను మోసగించి కూలికి పంపకుండా పెట్టిన నియమం అది. చూడ్డానికి వెళ్లేవాళ్లయితే హైదరాబాదు ఆఫీసులో ఆ తనిఖీని ఒక్కసారికి సడలిస్తూ ఇంకో ముద్ర వేయించుకోవాలి. దాన్ని సస్పెన్షన్ అనేవాళ్లం. అది లేకపోతే బొంబాయిలో విమానం ఎక్కనివ్వరు. వాళ్ల ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. మా యజమానికి జ్వరం. నన్నే తీసుకెళ్లమన్నాడు.

"రెండో ప్లాన్ చూపించకమ్మా" అని మంచం మీంచే హెచ్చరించాడు. "రెండు రోజులు ఒకే చోట అంటే ఏదో పనికి పోతున్నారనుకుంటారు. నువ్వు మొదట చేసిందే పెట్టు. అదైతే టూరిస్టు ప్లాన్ లాగా ఉంటది."

నాకు మనసొప్పలేదు. కానీ ఎదురు చెప్పే అలవాటు లేదు. మొదటి కాగితాన్ని ఫైల్లో పైన పెట్టాను.

హైదరాబాదులో అధికారి నడివయసు మనిషి, కళ్లజోడు. కాగితం చదివి, కళ్లజోడు మీంచి లచ్చీరాంను చూశాడు.

"మూడో రోజు ఎక్కడుంటారు పెద్దాయనా?"

"రాళ్ల కాడ్నే సార్."

"ఇక్కడ లక్సర్ అని ఉంది."

"అది వద్దన్నం గదా సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "చేతులు చూపించండి." లచ్చీరాం రెండు అరచేతులూ బల్ల మీద చాపాడు. ఉలి పట్టి పట్టి బొటనవేలి మొదట్లో రాయిలా గట్టిపడిన చర్మం. "ఈ చేతులు చూస్తే ఏ కంట్రాక్టరైనా రేపే పనిలో పెట్టుకుంటాడు. నిజం చెప్పండి. ఎవరు పంపిస్తున్నారు మిమ్మల్ని?"

"పనికా?" ద్వాళి ముందుకు వచ్చింది. "మా దొడ్డిగోడ పడి మూడేండ్లాయె సార్. అది కట్టుమంటె మోకాళ్లు నొస్తున్నయ్ అంటడు. ఈయనను ఎవడు పెట్టుకుంటడు?"

పక్క బల్ల గుమాస్తా కిసుక్కున నవ్వాడు. అధికారి నవ్వలేదు. పాస్‌పోర్టులు మూసి నా వైపు తోశాడు. "కాగితం ఒకటి, మాట ఒకటి. ఇలాంటివి రోజూ చూస్తాం."

లచ్చీరాం నా వైపు చూశాడు. కోపంగా కాదు. తను ఏం తప్పు మాట్లాడాడో తెలియనట్టు చూశాడు. ఆ చూపుకు నేను లేచి నిలబడ్డాను.

"తప్పు నాదండీ" అన్నాను. "ఆయన చెప్పిందే నిజం. మీరు చూసింది నేను నా సరదా కొద్దీ రాసిన ప్లాన్. నిజం ప్లాన్ చూపిస్తే మీరు నమ్మరేమోనని భయపడి దాన్ని పెట్టాం." ఫైలు అడుగు నుంచి రెండో కాగితం తీసి ఇచ్చాను. హోటలు ఓచరు, అంటే గది తీసుకున్నట్టు రసీదు, దానితో సరిపోతుందో లేదో చూడమన్నాను. అన్ని మాటలు ఒకేసారి నేను మాట్లాడటం అదే మొదలు.

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "రెండు రోజులు ఆ రాళ్ల దగ్గర ఏం చేస్తారు?"

ఇక లచ్చీరాంను ఎవరు ఆపగలరు? సాగర్ డ్యామ్ పనితో మొదలుపెట్టాడు. కింది వరుస ఎట్లా పరచాలి, మూలరాయి ఎట్లా నిలపాలి, సున్నం గార ఎండేలోపు రాయి ఎట్లా జరపాలి, ఆయన బల్లమీది పేపర్‌వెయిట్లనూ ముద్రల పెట్టెనూ జరిపి గోడ కట్టి చూపించాడు. "సందుల గోరు దూరదంటరు సార్. ఒక్క దిక్కు సూసి చెప్తె అది సూసినట్టా? నాలుగు దిక్కులూ పెట్టి సూడాలె."

అధికారి తన ముద్రల పెట్టెను ఆ గోడలోంచి మెల్లగా లాక్కున్నాడు. "మా నాన్న కూడా సాగర్‌లో చేశాడు. కూలీల హాజరు రాసే టైమ్ కీపరు" అని ఒక్క మాట అని, రెండు పాస్‌పోర్టుల మీదా ముద్ర వేశాడు.

బయటికొచ్చాక ద్వాళమ్మ నాకు చెరుకురసం ఇప్పించింది. "ఇంత మాట వస్తది గద నీకు! ఏడ దాచిపెట్టినవే పిల్లా ఇన్ని దినాలు?"

వాళ్లు వెళ్లి వచ్చారు. బొంబాయిలో కొన్నాళ్లు చదువుకుని హిందీ నేర్చిన ఈజిప్టు గైడును ఫ్యాక్సులో ప్రత్యేకంగా అడిగాం. లచ్చీరాం ఉర్దూ అతనికి బాగానే అర్థమైంది. తిరిగొచ్చిన మూడో రోజే ఇద్దరూ ఆఫీసుకు వచ్చి, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ చెప్పారు.

"కింద బయటి వరుస తెల్లరాళ్లు కొన్ని మిగిలినయ్ బిడ్డా. గోరు దూరలే. వెంట్రుక గూడ దూరదు" అన్నాడాయన. "కానీ లోపలి రాళ్లు సూస్తె మా లెక్కనే! నడుమల గార కొట్టిండ్రు. రెండో దినం పోయినంక కనపడ్డది. నేను చెప్పలే?"

"సగం నువ్వు గెలిచినవ్, సగం నేను" అంది ద్వాళి. తరువాత నా వైపు వంగింది. "నేను గైడు పిల్లగాన్ని ఒక్కటే అడిగిన. రాజు సరే, మోసినోళ్లు ఏమైండ్రు అని. దూరంగ ఒక గుట్ట చూపెట్టిండు. వాళ్ల సమాధులు ఆడ్నే ఉన్నయట, రాజు పక్కకే. ఈ మధ్యనే బయటపడ్డయట. మస్తు సంతోషమైంది బిడ్డా. నేను ఆ గుట్ట దిక్కు నిలబడి దండం పెట్టిన."

రెండు రోజులు లేకపోతే ఆయన గార చూసేవాడు కాదు, ఆమె ఆ మాట అడిగేది కాదు. ప్లాన్ అంటే ప్రయాణం చేసేవాళ్లు తమ నోటితో తడుముకోకుండా చెప్పగలిగేది. అలా చెప్పలేనిది ఎంత అందంగా టైప్ చేసినా వేరే ఎవరిదో ప్రయాణం. ఆ తరువాత నుంచి నేను "ఎక్కడికి వెళ్తారు?" అనడంతో ఆగడం లేదు. "అక్కడ ఏం చేయాలనుంది?" అని కూడా అడుగుతున్నాను.

పోయిన నెల హుజూర్‌నగర్ నుంచి ఒకామె మైసూరు, ఊటీ యాత్ర కోసం వచ్చింది. భర్త రాసిచ్చిన తొమ్మిది చోట్ల జాబితా తెచ్చింది. ఆయన బయట స్కూటర్ దగ్గర ఉన్నాడు. నేను అదే ప్రశ్న అడిగాను. ఆమె బయట స్కూటర్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది: "నవ్వకు చెల్లె. హోటల్ల పొద్దెక్కిందాక పండుకోవాలని ఉంది. నన్నెవరూ లేపొద్దు."

ఆమె ఐటినరరీలో రెండో రోజు ఉదయం పది గంటల దాకా ఖాళీ వదిలాను. ఆయన లోపలికొచ్చి అదేమిటని అడిగితే, కంపెనీ రూలు అని చెప్పాను.