రత్నమ్మత్త మోకాళ్లు

మూడేళ్లుగా రెండు మోకాళ్లు నా గుండె మీద కూర్చున్నాయి. నావి కావు. మా ఊరి రత్నమ్మత్తవి.

నవ్వొస్తే నవ్వండి. పగలైతే నాకూ నవ్వే వస్తుంది. పాప నిద్రపోయి ఇల్లు సద్దుమణిగాక మాత్రం రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు. మా ఆయనకి చెప్పలేదు. అమ్మకి అసలే చెప్పలేదు. అమ్మకి చెబితే మనుబోలులో మా వీధి మొత్తానికీ చెప్పినట్టే.

ఎక్కడ మొదలుపెట్టాలి? నేను చెడ్డదాన్ని కాదు అని మొదలుపెడదామా? మనసులో ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాటతోనే మొదలయ్యేది. ఈసారి వద్దు.

పెళ్లయి ఈ ఊరొచ్చాను. ఇక్కడికి సముద్రం కనిపించదు గానీ గాలి తిరిగితే వాసనొస్తుంది. తూర్పున రొయ్యల గుంటలు, పడమర వరి. మా ఆయనకి గుంటల దగ్గర సూపర్‌వైజర్ పని, రాత్రిళ్లు ఎక్కువగా అక్కడే. పాప పుట్టాక నాకు భయం పట్టుకుంది. పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం. ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఆ వేలికి పాప ఉలిక్కిపడి లేచేది. బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివినదాన్ని, పాప విరేచనం రంగు ఫోటో తీసి మా చెల్లెలికి పంపి అభిప్రాయం అడిగేదాన్ని. చెల్లెలు బీకాం.

చూసి చూసి మా ఆయనే అన్నాడు. "తుఫాను షెల్టర్ దగ్గర ఆడోళ్లు కోలాటం ఆడతుండారంట, పోరాదా. రోజుకి ఒక గంటన్నా పాపని ఊపిరి తీసుకోనీ."

వెళ్లాను. ఆ బృందాన్ని నడిపేది అనసూయక్క. పండగలకి కోలాటం ఆడతారు, అన్నదానాల్లో వడ్డిస్తారు, తుఫానొస్తే షెల్టర్లో వంట చేస్తారు. నన్ను చూడగానే అక్క ఎదురొచ్చి, పాపని లాక్కుని, బుగ్గలు గిల్లి, "రామ్మా రా, మన దాంట్లోకి ఎవరైనా రావచ్చు. వయసు లేదు, కులం లేదు, పైసా కట్టే పని లేదు" అనింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజుల్లో ఎవరైనా కూర్చోమంటే చాలు, తిరిగేవి.

అప్పుడు అక్క వెనక్కి తిరిగి అందరినీ ఒకసారి చూసి, "కాకపోతే జత లేదే" అనింది.

కోలాటం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎదురెదురుగా ఇద్దరిద్దరు నిలబడి కోలలు తగిలించుకోవాలి. మా వాళ్లది జడ కోలాటం కూడా. మధ్యలో స్తంభం, దాని పైనుంచి రంగు తాళ్లు, తాడుకో మనిషి. సగం మంది ఇటు తిరిగితే సగం మంది అటు తిరుగుతూ జడ అల్లుతారు. ఒక్క మనిషి ఎక్కువైతే ఆ జడ చిక్కుపడిపోతుంది. కాబట్టి ఎవరైనా రావచ్చు గానీ ఒక్కరే రాకూడదు.

జత కోసం తిరిగాను. మా అత్తని అడిగాను. "ఇంట్లో నువ్వు ఆడిస్తుండావు గదమ్మా, చాల్లే" అనింది. పక్కింట్లో బట్టలు కుట్టే షాహీన్‌ని అడిగాను. "నేను ఎగరతా ఉంటే నా మిషన్ ఎవరు తొక్కుతారక్కా" అని నవ్వింది. ఇక రోజూ వెళ్లి షెల్టర్ మెట్ల మీద కూర్చునేదాన్ని. నాకేం తక్కువ చెయ్యలేదు వాళ్లు. టీ ఇచ్చేవారు, మురుకులు పెట్టేవారు, చెప్పులకి కాపలా పెట్టేవారు, వీడియో తియ్యమని ఫోన్లన్నీ నా ఒళ్లో పోసేవారు. స్వాగతం బ్రహ్మాండంగా ఉంది. చోటే లేదు.

మెట్ల మీద కూర్చుంటే ఒకే మనిషి కనపడేది. రత్నమ్మత్త. యాభై దాటిన మనిషి. పొద్దున చేలో పని చేసి, సాయంత్రం ఇక్కడికొచ్చి పద్మ అనే అమ్మాయికి జతగా ఆడేది. అడుగు అప్పుడప్పుడూ తప్పేది గానీ ఆమెకి ఆ సంగతి తెలియదు, తెలిసినా లెక్కలేదు. అంత సంతోషంగా ఎగిరే మనిషిని నేను చూడలేదు. ఆ సంతోషాన్ని చూసి నేను ఏమనుకున్నాను? ఇంత సంతోషం ఉన్నావిడకి ఇది కూడా అవసరమా అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అనుకున్నాను.

ఒకరోజు ఆమె రాలేదు. బుచ్చిరెడ్డిపాలెంలో చుట్టాలింటికి వెళ్లింది, ఆ సంగతి నాకు తెలుసు. "రత్నమ్మ రాలేదేంది?" అని అనసూయక్క అడిగింది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మోకాళ్లు నొప్పంటక్కా."

అక్కడితో ఆగి ఉంటే మర్నాడే తేలిపోయేది. ఆగలేదు. "గుజ్జు అరిగిపోయి ఉంటుంది. మీకు మాత్రం చెప్పొద్దనింది" అన్నాను.

అసలు పాపం ఆ రెండో మాటలో ఉంది. చెప్పొద్దనింది అన్నాక ఆమె ఇక ఏం చెప్పినా చెల్లదు. మర్నాడు పాపం ఎగురుకుంటూ వచ్చింది. అందరూ చుట్టూ చేరి కుర్చీ వేశారు. "నాకేం నొప్పి?" అంటే, "అట్నే అంటావని తెలుసులే" అన్నారు. కోప్పడితే, "నొప్పితో విసుగు గదా పాపం" అన్నారు. ఆమె నిలబడి ఒక చుట్టు గట్టిగా ఆడి చూపిస్తే, "చూడు, మన కోసం ఎంత ఓర్చుకుంటుండాదో" అని పద్మ కళ్లు తుడుచుకుంది. ఎవరు చెప్పారు అంటే నన్ను చూపించి, "చదువుకున్న పిల్ల, ఊరికే చెబుతుందా?" అన్నారు.

ఊరంతా మంచివాళ్లే కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఒకరు నూనె తెచ్చారు, ఒకరు ఆకులు నూరి తెచ్చారు, ఆమె భర్త నెల్లూరు వెళ్లి మోకాళ్ల పట్టీలు తెచ్చాడు. వారం తిరక్కుండా ఒక సాయంత్రం రత్నమ్మత్త కుర్చీలోంచి లేచి, తల పక్కకి వంచి, తన మోకాలి చప్పుడు తనే విని, "అవునే, టక్కుమంటా ఉండాది" అనింది. ఏ వయసు మోకాలైనా టక్కుమంటుంది. నాదీ అంటుంది. ఆ మాట నేను చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆమెని పక్కన పాటకి తాళాలు వెయ్యడానికి కూర్చోబెట్టారు. పద్మకి జత కావాలి. మెట్ల మీద నేనున్నాను.

కొత్తవాళ్లు చేరిన రోజు, పెద్దవాళ్లెవరైనా తమలపాకులో బెల్లం ముక్క పెట్టి, కోలలకి కుంకం రాసి చేతికివ్వడం మా దగ్గర పద్ధతి. నాకిచ్చింది ఎవరనుకున్నారు? రత్నమ్మత్తే. తన కోలలే ఇచ్చింది. "నువ్వు కనిపెట్టకపోతే ఎగిరెగిరి కాళ్లు పోగొట్టుకునేదాన్ని గదమ్మా" అనింది. నేను ఆ బెల్లం తిన్నాను. ఎలా మింగానో అడగొద్దు. తీపిగానే ఉంది.

ఆ తర్వాత నేను బాగుపడ్డాను. ఇది కూడా చెప్పాలి. గంటసేపు ఎగిరొచ్చి పడుకుంటే నిద్ర పట్టేది. పాప ముక్కు దగ్గర వేలు పెట్టడం మానేశాను. సంగం ఊళ్లో ఆడాం, మనుబోలులో ఆడాం, మా అమ్మ వీధి చివరిదాకా వచ్చి ఫోటోలు తీసింది. ఇక్కడ రత్నమ్మత్త చేనుకి నడిచి వెళ్లడం మానేసింది. కింద కూర్చుని అన్నం తినడం మానేసింది. ఇంట్లో కుర్చీలాంటి కమోడ్ పెట్టించుకుంది. ఊళ్లో అదే మొదటిది కావడంతో జనం గుంపులుగా వెళ్లి చూసొచ్చారు. నేనూ వెళ్లాను. తెల్లగా మెరుస్తోంది. నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాటకి అంత పెద్ద కట్టడం లేస్తుందనుకోలేదు.

దీనికి తోడు అనసూయక్క. ఎవరు కొత్తగా చేరినా నా కథే చెబుతుంది. "మన దాంట్లో ఒకరి నొప్పి ఇంకొకరు కనిపెట్టాలమ్మా. ఈ పిల్లని చూసి నేర్చుకోండి." వాళ్లు నన్ను భక్తిగా చూస్తారు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటాను. సర్దాల్సినవేమీ ఉండవు.

ఇలాగే గడిచిపోయేదేమో. ఈమధ్య రత్నమ్మత్తని నెల్లూరులో డాక్టరుకి చూపించారు. ఆయన ఎక్స్‌రే చూసి, ఈ వయసులో ఇంత మంచి మోకాళ్లు అరుదు అన్నాడట. ఆమెకి ఒళ్లు మండింది. "నిన్న మొన్న చదివొచ్చిన పిల్లోడు, వాడికేం తెలస్తది" అని, మద్రాసులో పెద్ద డాక్టర్ని పట్టి ఆపరేషన్ చేయించుకుంటానని కూర్చుంది. తెలిసినవాళ్లు పట్టిచ్చిన డాక్టరెవరో చేస్తానని ఒప్పుకున్నాడట కూడా.

ఆ మాట విన్న రోజు నాకు పగలు కూడా నవ్వు రాలేదు. కుర్చీ, పట్టీలు, కమోడ్ దాకా నవ్వుకుంటూ మోశాను. కత్తిని ఎలా మొయ్యను? బాగున్న కాళ్లు కోస్తారు. నా వల్ల కోస్తారు.

మర్నాడు మధ్యాహ్నం పాపని చంకనేసుకుని వెళ్లాను. ఆమె వరండాలో కుర్చీ మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"అత్తా, నీకు మోకాళ్ల నొప్పని అనసూయక్కకి చెప్పింది నేను."

"అదెవరికి తెలీదు? నువ్వు చెప్పబట్టే గదా."

"అది అబద్ధం అత్తా. నేనే పుట్టించాను."

ఆమె లోపలికి తొంగి చూసి గొంతు తగ్గించింది. "మీ మామ పంపించినాడా?"

"మామెందుకు పంపిస్తాడు?"

"ఆపరేషన్ అంటే డబ్బులు తియ్యాల గదా. నీతో చెప్పిస్తుండాడు. ఆయన సంగతి నాకు తెలీదా."

"ఒట్టు అత్తా, నేనే."

"ఉత్త ఒట్టెందుకు? పాప నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు."

నా చెయ్యి కదల్లేదు. నిజమే చెబుతున్నాను, అయినా కదల్లేదు. పాప తల మీద ఒట్టా? నిజానికి కూడా ఏదైనా అయితే? మాటలో ఎక్కడో చిన్న తేడా ఉంటే? ఆమె నన్నే చూస్తూ, "చూశావా" అని మళ్లీ కాయ పగలగొట్టింది. ఇప్పుడు వదిలేస్తే ఇక ఆమె మద్రాసు వెళ్లిపోతుంది. కళ్లు మూసుకుని పాప తల మీద చెయ్యి వేశాను. "నీకు నొప్పి లేదు. నువ్వు నాతో అనలేదు. నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. పాప చెయ్యి తోసేసి వేరుశనక్కాయ అడిగింది.

రత్నమ్మత్త ఒలిచిన పప్పులు రెండు దాని చేతిలో పెట్టింది.

"ఎందుకట్టా చెప్పినావు?"

"నాకు జత లేదత్తా. నీ చోటు కావాలనిపించింది."

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. వాకిట్లోకి నడిచి, చీర కాస్త పైకి దోపి, పూర్తిగా కింద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. లేచింది. ఆయాసపడుతోంది, కాళ్లు కొంచెం వణుకుతున్నాయి, కానీ ముఖంలో నొప్పి లేదు. ఉన్నది వేరే ఏదో. నేను చూడలేక తల దించుకున్నాను.

"నన్ను అడగొచ్చు గదమ్మే" అనింది. "ఒకరోజు నువ్వు, ఒకరోజు నేను ఎగిరేవాళ్లం."

నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

"ఊళ్లో అందరికీ చెప్పేస్తానత్తా. అనసూయక్కకి ఈ సాయంత్రమే..."

"నోరు ముయ్యి. లేని నొప్పికి మూడేళ్లు కుర్చీలో కూకోని, కమోడ్ కట్టించుకున్నాదని నన్ను చూసి నవ్వరా? ఎవరికీ చెప్పమాక. డాక్టరు బిళ్లలకి తగ్గిందని నేను చెప్పుకుంటా."

"నన్ను క్షమించు అత్తా."

"ఆ మాట అడగమాక. ఇంటికి పో."

వచ్చేశాను.

ఆపరేషన్ మాట ఆగిపోయింది. వారానికి ఆమె షెల్టర్ దగ్గరికి వచ్చి, నా ముందు నిలబడి చెయ్యి చాపింది. ఆమె కోలలు ఆమెకి ఇచ్చేశాను. ఇప్పుడు తాళాలు నేను వేస్తున్నాను. ఆమె అడుగు మునుపటికంటే ఎక్కువ తప్పుతోంది, త్వరగా అలిసిపోతోంది. మూడేళ్లు కూర్చున్న కాళ్లు మరి. చుట్టు తిరిగి నా ఎదురుగా వచ్చిన ప్రతిసారీ ముఖం అటు తిప్పుకుంటుంది. మొన్న కొత్తగా ఒకమ్మాయి చేరితే అనసూయక్క మళ్లీ నా కథ ఎత్తుకుంది. చివర్న కొత్త ముక్క కలిపింది. "రత్నమ్మ కోలుకోగానే తన చోటు తిరిగిచ్చేసింది ఈ పిల్ల. ఎంత మంచి మనసో." అందరూ చప్పట్లు కొట్టారు. రత్నమ్మత్త కూడా కొట్టింది, నా వైపు చూడకుండా.

ఎవరికీ చెప్పమాక అనింది. మీకు చెప్పాను. ఇది ఆమెకి చేసిన ఇంకో తప్పో ఏమో. పేర్లు మార్చాను, అంతవరకే నా చేతిలో ఉంది. మీరు నన్ను క్షమించక్కర్లేదు. ఆ పని ఆమెది, ఆమె చెయ్యనంది. చెయ్యకపోవడం న్యాయమే.

నాకు కావాల్సింది ఒక్కటే, దీన్ని ఒకసారి ఉన్నదున్నట్టు రాసి చూసుకోవడం. రత్నమ్మత్తకి మోకాళ్ల నొప్పి లేదు. ఆమె చోటు కోసం నేను అబద్ధం చెప్పాను. ఇంతే. భయం వల్ల అనీ, ఒంటరితనం వల్ల అనీ తోకలు తగిలించాలని చెయ్యి లాగుతోంది. తగిలించను. మళ్లీ చదువుకున్నాను. అలాగే ఉంది. ఊపిరి కొంచెం బాగా ఆడుతోంది.