మధ్యగదిలో భోజనాల బల్ల

విశాఖపట్నంలోని ఒక ఇంటీరియర్ డిజైన్ ఆఫీసులో ట్రేసింగ్ పనితో చేరి, సీనియర్ డిజైనరుగా రిటైరయ్యాను. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, కార్తీక మాసంలో, నన్ను అనంతగిరి మండలంలోని ఒక కొండ ఊరికి పంపారు. కాఫీ తోటలు చూడటానికి వచ్చేవాళ్లు గిరిజనుల ఇళ్లలోనే బస చేసేలా హోమ్‌స్టేలు పెడుతున్న రోజులవి. ఆ ఊళ్లో ఎంపికైన ఇంట్లో అతిథులు కూర్చునే చోటు, భోజనాల గది అమర్చి ఇవ్వాలి. ఆరుగురు ఒకేసారి కూర్చుని తినే బల్ల ఉండాలన్నది నిబంధన. రెండు వారాల్లో అనుమతి ఇచ్చే అధికారి తనిఖీకి వస్తారు. ముప్పై ఏళ్లుగా ఫ్లాట్లలో హాళ్లూ డైనింగులూ అమర్చినదాన్ని, ఇదెంత పని అనుకున్నాను.

ఇల్లు చిలకమ్మది. ఆమె ఆరేళ్లుగా అరకులోయలోని ఒక గెస్ట్‌హౌసులో వంట చేస్తోంది. వారానికి ఒక్కరోజే ఇంటికి వచ్చేది. అదే వంట తన ఇంట్లో, తన పొయ్యి మీద చేసుకోవాలని ఆమె ఆశ. ఆ రెండు వారాలూ సెలవు పెట్టి వచ్చింది. భర్త గాసి పొద్దు పొడవకముందే కాఫీ పళ్ల కోతకు పోయేవాడు. ఇల్లు కనిపెట్టుకుని ఉండేది అతని తల్లి సోంబారి. డెబ్బై దాటిన మనిషి. నిటారుగా నడిచేది.

ముందు వసారా, మధ్యలో పొడుగాటి గది, వెనక వంటిల్లు, పక్కన పడకగది. అదీ ఇల్లు. వంటింట్లో పొయ్యికి దగ్గరగా సోంబారి పడక. నేల ఎర్రమట్టితో అలికి ఉంది. దూలానికి మొక్కజొన్న పొత్తులు వరసగా వేలాడుతున్నాయి. వాటిని తీయించలేదు. అంతకు మించిన అలంకరణ నేను విశాఖ నుంచి తేగలిగింది ఏమీ లేదు. వసారాలో నాలుగు వెదురు కుర్చీలు, ఒక పొట్టి బల్ల వేయించి, అతిథులు కూర్చునే చోటుగా చేశాను. అది ఒక్క పూటలో తేలిపోయింది.

భోజనాల గదికి మధ్యగదే దిక్కు. ముందు టేపుతో గది కొలిచి కాగితం మీద ప్లాను గీస్తాం. తర్వాత సామాను ఆకారాన్ని సుద్దముక్కతో నేల మీద గీసి చూస్తాం. దాన్నే మార్కింగ్ అంటాం. కుర్చీ వెనక్కి లాగి మనిషి లేవాలంటే బల్ల అంచు నుంచి గోడకు మూడు అడుగులు వదలాలి. ఆ లెక్కన బల్ల గది నడిమధ్యకు వచ్చింది. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెక్కతో చేయించిన తేలికపాటి బల్ల, ఆరు కుర్చీలు. సాయంత్రం అన్నీ అమర్చి, నా బస అయిన ఊరి టీచరమ్మ ఇంటికి వెళ్లాను.

మర్నాడు వచ్చేసరికి బల్ల తూర్పు గోడకు ఆనుకుని ఉంది. కుర్చీలు ఓ మూల చేరాయి. అలకడానికి జరిపారేమోనని మళ్లీ మధ్యకు లాగించాను. ఆ మర్నాడూ అదే. ఈసారి టేపు తీసి, ముందురోజు బల్ల కాళ్లు నేల మీద వదిలిన గుర్తులతో పోల్చి కొలిచాను. రెండు రోజులూ బల్ల దాదాపు ఒకే చోట ఆగింది. ఇష్టం లేక తోసేసిన బల్ల అంత సరిగ్గా ఆగదు. ఎవరికో అక్కడ ఏదో అవసరం ఉంది. అదేమిటో తెలుసుకోవాలన్న కుతూహలం నన్ను పట్టుకుంది.

గాసిని అడిగాను. "నాను ముట్టనేదు మేడమ్. నాను ఎల్లేటప్పుడు మద్దినే ఉంది" అన్నాడు.

చిలకమ్మ ఆశ్చర్యపోయింది. "నాను నీల్లకెల్లొచ్చేసరికి గోడకాడుంది. మీరే వొచ్చి జరిపీసినారనుకున్నాను" అంది.

ఇక మిగిలింది సోంబారి. పొయ్యి దగ్గర కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే, "ఏటో, నాను సూడనేదు" అంది.

కొలతల సంగతి పక్కన పెట్టి, ముసలామెకు ఈ కొత్త సామాను నచ్చలేదని తేల్చుకున్నాను. 'ఇంటి పెద్ద అభ్యంతరం, కారణం చెప్పలేదు' అని సైటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. కారణం తెలియకుండా పని ముగించడం మాత్రం ఇష్టం లేకపోయింది. బల్లను మళ్లీ మధ్యకే లాగించాను. మూడో రోజు తెల్లవారుతుండగానే వెళ్లాను. గాసి అప్పటికే తోటకు వెళ్లిపోయాడు. చిలకమ్మ బిందె పట్టుకుని కుళాయి వైపు పోతూ కనబడింది. తలుపు తీసే ఉంది. నేను వసారాలో, గుమ్మానికి ఎదురుగా వెదురు కుర్చీలో కూర్చున్నాను.

సోంబారి వంటింట్లోంచి వచ్చింది. ఒక చెయ్యి ముందుకు చాపి బల్ల అంచు అందుకుంది. కుర్చీలను ఒక్కొక్కటిగా తడిమి మూలకు చేర్చింది. తర్వాత తుంటితో బల్లను కొంచెం కొంచెంగా, చప్పుడు కాకుండా, గోడ తగిలేదాకా నెట్టింది. తిరిగి వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్లి నిలబడి, అక్కడి నుంచి తిన్నగా ఎనిమిది అడుగులు వేసి వసారాలోకి వచ్చింది. కోళ్లగంప ఎత్తింది. కోళ్లు నా కాళ్ల మధ్యగా పరుగెత్తాయి. నాకూ ఆమెకూ మధ్య రెండు గజాలు కూడా లేవు. బాగా తెల్లారింది. ఆమె నా వైపే చూస్తోంది, కానీ నేనక్కడ ఉన్నట్టు ఆమెకు తెలియలేదు.

గొంతు సవరించుకున్నాను. ఆమె ఉలిక్కిపడింది. "ఎవులది?"

"నేనే మామ్మా, బల్ల పెట్టించినదాన్ని. మీకు చూపు ఆనడం లేదా?"

ఆమె గంప పక్కనే కూలబడి చెప్పింది. "ఎలుగూ సీకటీ తెలుత్తాది గుంటా. మనుసులు ఆనరు. ఈ ఇల్లు నా కాల్లకి తెలుసు. నీ బల్లే తెల్దు."

యాభై ఆరేళ్ల నన్ను చిన్నపిల్లలా గుంటా అని పిలిచేవాళ్లు అప్పటికి ఎవరూ మిగల్లేదు. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే ఏటవుద్ది? పొయ్యికాడికి రానివ్వరు, కోల్లకాడికి రానివ్వరు, మంచం మీద కూకోబెడతారు. గుడ్డిముసల్ది ఉన్న ఇంటికి ఆ ఆపీసరు కాయితం ఇత్తాడా? కోడలు మల్లా అరకు ఎల్లిపోవాల. నువ్వు సెప్పకు."

అనుమతికీ ఆమె చూపుకూ ఏ సంబంధమూ లేదని, నిబంధనలు నేను చదివానని చెప్పాను. నేను ఎవరికీ చెప్పనన్నాను. కానీ ఆమే చెప్పాలని, పొయ్యి దగ్గర తిరిగే మనిషి విషయంలో దాచడం ప్రమాదమని గట్టిగానే అన్నాను. ఆమె లేచి, వచ్చిన ఎనిమిది అడుగులూ వెనక్కి వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ పగలంతా ప్లాను మళ్లీ గీశాను. గదిలో మనుషులు నడిచే దారిని మేం సర్క్యులేషన్ అంటాం. నేను అప్పటిదాకా సామాను పెట్టాక మిగిలిన దాన్ని దారి అన్నాను. ఈసారి వంటింటి గుమ్మం నుంచి వీధి గుమ్మానికి ముందు ఆ దారినే గీశాను. బల్లను తూర్పు గోడ వైపే ఉంచి, గోడకు ఆనించి పొడుగాటి బెంచీ బిగించమన్నాను. ఇవతలి వైపు కూడా బెంచీయే. కుర్చీని తిన్నవాళ్లు ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తారు. బెంచీ అయితే బల్ల కిందకు తోసేయొచ్చు. ఆరుగురూ పడతారు.

వడ్రంగి బెంచీ బిగిస్తుండగా చిలకమ్మ వచ్చి, "బాగానే ఉందిగదా మేడమ్, మల్లా ఎందుకు మారుత్తన్నారు?" అని అడిగింది.

"నాకోసమే" అంది వంటింట్లోంచి సోంబారి. "నాకు కళ్లు అగుపడ్డం నేదే."

చిలకమ్మ వెళ్లి అత్త ముఖం ముందు చెయ్యి ఆడించింది. "ఎప్పటికాడినుండే అత్తా?"

"పోయిన వానలకాడినుండి."

చిలకమ్మ లెక్క వేసుకుంటున్నట్టు నిలబడిపోయింది. వారానికోసారి వచ్చిన ఆ రోజులన్నీ ఆమె కళ్ల ముందు తిరిగి ఉంటాయి. తర్వాత కోపంతో గొంతు పెంచింది. "మరి నాకు అన్నం ఎట్టేదానివి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేదానివి, ఇది మట్టుకు సెప్పనేవా?" అంటూనే ఏడ్చింది. ముసలామె ఆ ఏడుపు వైపు చెయ్యి చాపి, కోడలి భుజం దొరికేదాకా తడిమింది.

తనిఖీకి వచ్చిన అధికారి, గది మధ్య ఖాళీగా వదిలి బల్లను గోడకెందుకు జరిపారని నన్ను అడిగారు. దాచే పని ఇక లేదు కాబట్టి ఉన్నమాట చెప్పాను. ఆయన ఆ దారిలో ఒకసారి అటూ ఇటూ నడిచి చూశారు. బెంచీ మీద కూర్చుని చిలకమ్మ వడ్డించిన రాగి అంబలి తాగారు. వెనక వైపు ఇంకో దీపం పెట్టించమని చెప్పి సంతకం చేశారు.

సోంబారిని కొండ దిగి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. శుక్లం తీశాక కుడికన్ను కొంత నిలబడింది, ఎడమకంటి చూపు రాలేదు. మరుసటి చలికాలం సొంతపని మీద అటు వెళ్లి, వాళ్లింట్లోనే భోంచేశాను. అతిథులు నలుగురు ఉన్నారు. సోంబారి చేతిలో నీళ్ల చెంబుతో వంటింట్లోంచి వచ్చింది. ఎవరూ పక్కకు తప్పుకోవలసిన పని లేకపోయింది.

ఉద్యోగంలో మిగిలిన ఆ కొద్దికాలం నా పద్ధతి ఒక్కచోట మార్చుకున్నాను. ఏ ఇంటికి వెళ్లినా సామాను జాబితా అడిగేముందు ఒక ఉదయం ఊరికే కూర్చునేదాన్ని. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తున్నారో కాగితం మీద గీతలు గీసుకునేదాన్ని. ఆ గీతలు పోగా మిగిలిన స్థలంలోనే సోఫా అయినా బల్ల అయినా పెట్టాలి. అందులో పట్టని సామాను ఆ ఇంటికి అక్కర్లేదు.