నా సైజుకు కుదిరిన కర్టెన్

మొన్న శనివారం మధ్యాహ్నం నన్ను చూసేకి మా ఇంటికి శానామంది వచ్చిరి. ఒకాయన పూలదండ గూడా తెచ్చె. నేను పోయినానని గదా వాళ్లు వచ్చింది. పోలేదు కాబట్టే ఈడ కూర్చొని మీతో టీ తాగుతాండా. ఇదంతా ఒక కర్టెన్ తెచ్చిన తంటా.

మైదుకూరులో పసుపు గోడౌన్‌కు నేను నైట్ వాచ్‌మన్ అని మీకు తెలుసు గదా. పొద్దున ఇంటికొచ్చి పండుకుందామంటే, మా రూములో తూర్పు పక్క మూడు రెక్కల కిటికీ ఉండాది. మన ఎండ సంగతి చెప్పేదేముంది, పొద్దు పొడిచిందంటే నేరుగా మొగం మిందికే వస్తాది. ఊరికే పైకప్పు చూసుకుంటా పడుంటా. నిద్దర లేకుంటే మనిషి మనిషిలెక్క ఉండడప్పా. కూడు రుచించదు, ఎవురన్నా నవ్వితే గూడా కోపమొస్తాది. ఆ వారం డ్యూటీలో కునుకు తీస్తాంటే మా ఓనరు చూసె. "ఇంకోసారి కన్ను మూసినావంటే మల్లా రావొద్దు" అనె. ఆ పొద్దు నుంచి నాకు ఒకటే భయం. ఈ పని పోతే ఇంకో పని యాడుంది?

మా ఇంట్లో ఆమె, రమణమ్మ, "మందం కర్టెన్ వేసుకుంటే సరిపోతాది, ముందు కొలత తీసుకో" అనె. ఇంట్లో టేపు లేదు. పురికొస కిటికీకి పట్టినా. అడ్డం పెద్దది, ఆడికి ఒక ముడి. నిలువు చిన్నది, ఆడికి ఇంకో ముడి. మా నాయన మంచం అల్లేకి, తలుపు చేయించేకి అంతా ఇట్లనే కొలిచేవాడు. మర్సనాడు డ్యూటీ దిగి, పురికొస జేబులో పెట్టుకొని సక్కా అంగడికి పోయినా.

అంగడాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసె. "ఏమప్పా, దీంట్లో నిలువు ఏది?"

నాకు కండ్లు మూసుకపోతాండాయి. కర్టెన్ అంటే కిందికి వేలాడేది గదా అనుకొని, "ఆ పెద్దది" అంటి.

"ఒగసారి ఇంటికి ఫోన్ చేసి అడగరాదా."

"మా ఇంటి కిటికీ నాకు తెల్దా?" అని కసురుకుంటి. మందం గుడ్డల్లో తెల్లది ఒకటే ఉంటే, అదే కుట్టమని చెప్పి వచ్చేస్తి.

తీరా తెచ్చి తగిలిస్తే, కర్టెన్ నేల మింద ఈడుస్తాండాది. అడ్డానికేమో రెండు రెక్కలే మూసె. ఎడమకు జరిపితే కుడి పక్క ఎండ, కుడికి జరిపితే ఎడమ పక్క ఎండ, నడుమకు పెడితే రెండు పక్కలా ఎండ. "మీ నాయన చేయించిన తలుపులు గూడా ఇట్లనే ఉండేవా?" అనె రమణమ్మ. అంగడాయన్ను అడిగితే, కత్తెర పడిన గుడ్డ వాపసు తీసుకోననె. అతుకు వేయిద్దామంటే ఆ రకం గుడ్డ అయిపోయిందంట.

శనివారానికి ఇంక ఓపిక లేకపాయ. కర్టెన్ పీకేసి, హాల్లో బండలు చల్లగా ఉంటాయని నేల మిందనే పండుకొని, తల నుంచి కాళ్ల దాకా ఆ గుడ్డే కప్పుకుంటి. కొలత ఎంత బాగా కుదిరిందో అప్పుడు తెలిసె. కాలివేలు గూడా బయటికి రాలేదు. దాని కింద చీకటంటే చీకటి. ఎన్నాళ్ల నిద్దరో ఒక్కపారే మింద పడె.

రమణమ్మ తలుపు దగ్గరికేసి కూరగాయలకు పోయింది. పక్కింటి ఖాసింబీ అక్క పెరుగు గిన్నె ఇచ్చేకి వచ్చి, తలుపు తోసి చూసె. నేల మింద తెల్లగుడ్డ, దాని కింద మనిషి. రెండు మూడు మార్లు పిలిచిందంట. నేను పలకలేదు. ఆమె ఏడుపుకు వీధి వీధంతా వచ్చె. గుడ్డ తీసి చూసేకి ఎవురికీ చేతులు రాలేదంట.

నాకు మెలకువ వచ్చేసరికి కాళ్ల కాడ ఎవురో, "ఎప్పుడూ నిద్రమొగమే పాపం, ఇప్పుడన్నా నెమ్మదిగా పండుకున్యాడు" అంటాండారు. అది ఇని నాకే ఏడుపొచ్చె. గుడ్డ తీసి లేసి కూర్చుంటి. సగంమంది పరిగెత్తిరి. దండ తెచ్చినాయన దాన్ని ఏం చేయాల్నో తెలీక చేతిలోనే పట్టుకొని నిలబడె. అప్పుడే రమణమ్మ సంచితో వచ్చి, ఇంటి ముందర జనాన్ని చూసి గేటు కాడనే కూలబడె. ఆమెకు నీళ్లు తాపి, నేనే అని నమ్మించేసరికి నాకు నిజంగానే పానం పోయినంత పనాయ.

అంతలో మా ఓనరు ఫోన్. వార్త ఆడిదాకా పోయింది. రమణమ్మ తీసి స్పీకర్ పెట్టె. "అమ్మా, శానా బాధగా ఉండాది. నమ్మకస్తుడు. ఈ రాత్రికి వేరే మనిషిని చూసుకుంటాలే, గోడౌన్ సంగతి మీరు మనసులో పెట్టుకోవద్దు" అంటాండాడు.

వేరే మనిషి అనేసరికి నేను ఫోన్ లాక్కుంటి. "సార్, నేనే. బతికే ఉండా. ఊరికే నిద్రపోతాంటి" అంటి.

ఓనరు గొంతు మారిపాయ.

"ఇంతమంది ఏడుస్తాంటే గూడా లేయలేదా నువ్వు?"

"లేదు సార్."

"అట్లయితే నిద్ర బాగా సరిపోయినట్టే. టైముకు డ్యూటీకి వచ్చేయ్."

పోయినా. వీధంతా ఏడ్చి సాగనంపబోయిరి గానీ, నాకు ఒక్క పూట లీవు మాత్రం పుట్టలేదు.