కథలో లేని ముసలమ్మ

నాచారంలో మా ఇంటికి తాళం బయటి నుంచి పడేది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉప్పల్ చౌరస్తాలో రాస్తారోకోలు జోరుగా సాగుతున్న రోజులవి. "గొడవలు సల్లబడేదాంక," అంటూ మా ఆయన తాళం వేసుకుని ఫ్యాక్టరీ డ్యూటీకి పోయేవాడు. గొడవల్లేని వారాల్లో కూడా వేసేవాడు. లోపల నేను, నాకు కాపలాగా అత్తమ్మ. కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. నాకు ఊపిరాడేది కాదు.

దూరవిద్యలో ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నాను. పరీక్ష సెంటరు ఉప్పల్‌లో. అది రాయకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే ఆ గోడే గతి. అడిగితే "గీ గొడవలల్ల పరీక్షేంది?" అని టీవీ పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఇక మిగిలింది అత్తమ్మే. మధ్యాహ్నాలు ఆమె చింతపండు గింజలు తీస్తుంటే, నా సిలబస్‌లోని వందల ఏళ్లనాటి ఇంగ్లీషు కథలు తెలుగులో చెప్పేదాన్ని. మోసపోయే పిసినారులు, దొంగ సన్యాసులు, ప్రేమ కోసం ఎంత అబద్ధమైనా ఆడే పడుచువాళ్లు, చివర్లో తీర్పు చెప్పే రాజు. అత్తమ్మ పడీ పడీ నవ్వేది. పడుచు పెళ్లాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి, చివరికి ఆమె చేతిలోనే మోసపోయే ముసలి వర్తకుడి కథకైతే "మంచిగైంది ముసలోనికి!" అని చేతులు చరిచింది. మా తలుపుకున్న తాళం మాత్రం ఆమెకు గుర్తు రాలేదు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు మళ్లీ అదే కథ అడిగింది. ఈసారి అందులో లేని ముసలమ్మను చేర్చాను. వర్తకుడి తల్లి, కోడలికి కాపలా. "తాళం నా పెళ్లానికే," అని వర్తకుడన్నాడని, "మరి మీ అమ్మ తలుపుకు ఏ పక్కన ఉంది?" అని రాజు అడిగాడని చెప్పాను.

అత్తమ్మ నవ్వలేదు. చింతపండు చేతులతోనే లేచి తలుపు లాగి చూసింది. రాలేదు.

"నేను అంగడికి పోయి ఎన్ని దినాలాయెనో," అంది, అంతే.

పరీక్ష రోజు పొద్దున మా ఆయన తాళం అందుకునేసరికి ఆమె చెప్పులేసుకుని గడపలో నిలబడి ఉంది.

"తాళం నీకు కాదమ్మా, ఆమెకు," అన్నాడు.

"మరి నేనేడ ఉన్నరా? లోపల్నే గదా. ఇటియ్యి."

తాళంచెవి కొంగున ముడేసుకుని, నన్ను ఆటోలో ఉప్పల్ తీసుకెళ్లి, సెంటరు గేటు దగ్గరే కూర్చుంది. బయటికొచ్చి ఆమెను చూడగానే ఏడ్చేశాను. తర్వాత పాసయ్యాను కూడా.

కానీ తాళంచెవి ఆ కొంగు దిగలేదు. కొడుకు డ్యూటీకి పోగానే ఇప్పుడు తనే లోపలి నుంచి తాళం వేసేది. నేను బయటికి పోతానంటే, "ముందుగాల ఒక కథ జెప్పు," అనేది. సిలబస్‌లోవి తొందరగానే అయిపోయాయి. ఉద్యోగం దొరికేదాకా, పాలప్యాకెట్టు తేవడానికి కూడా నేను ఒక కథ అల్లాల్సి వచ్చింది.